ఒక ఉత్తరం, ఒక పత్రిక, ఒక యుద్ధం: థాంక్స్‌గివింగ్ పుట్టుక

(అమెరికాలోని తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం ఇది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? ఆ, సరే.

ఇంకొన్ని రోజుల్లో థాంక్స్‌గివింగ్, పంట ఇంటికొచ్చాక కృతజ్ఞత చెప్పుకునే ఇక్కడి పండుగ. మీ పిల్లలు ఈపాటికే స్కూల్లో నల్ల కాగితంతో టోపీలు, రంగు కాగితాలతో ఈకలు కత్తిరించి ఇంటికి తెచ్చి ఉంటారు. ఇంగ్లండ్ నుంచి మేఫ్లవర్ ఓడలో యాత్రికులు, అంటే పిల్‌గ్రిమ్స్, వచ్చారు, ఇండియన్లు, అంటే ఇక్కడి మూలవాసులు, వాళ్లకి సాయం చేశారు, పంట పండింది, అందరూ కలిసి భోంచేశారు. అదీ పిల్లలు చెప్పే కథ. మనం విని ఊరుకుంటాం. మనది కాని పండుగ కదా, మనకెందుకులే అనుకుంటాం. కానీ మన పిల్లలు ఇక్కడే పుట్టారు, ఇక్కడే పెరుగుతున్నారు. వాళ్లకిది సొంత పండుగే. అందుకని అది ఎక్కడ పుట్టిందో మనం తెలుసుకోవాలి. తెలుసుకుని వాళ్లకి చెప్పాలి.

మన సంక్రాంతిని ఎవరు మొదలుపెట్టారు అని అడిగితే ఎవరైనా చెప్పగలరా? చెప్పలేరు. థాంక్స్‌గివింగ్ సంగతి వేరు. ఏటా దేశమంతా జరుపుకునే పండుగగా దీన్ని నిలబెట్టిన ప్రకటన ఉంది, దాని మీద సంతకం ఉంది, తేదీ ఉంది. 1863 అక్టోబర్ 3. సంతకం అబ్రహాం లింకన్‌ది. మరి పిల్లలు చెప్పే కథ ఎప్పటిది? 1621 నాటిది. అక్కడికీ ఇక్కడికీ మధ్య 242 ఏళ్లు! ఆ 242 ఏళ్లలో ఏం జరిగింది? ఇవాళ నేను చెప్పదలుచుకున్నది అదే.

పంట పండుగ అంటున్నాం కదా, విత్తనం దగ్గర నుంచి మొదలుపెడదాం. ఆ విత్తనం ఎక్కడిది? ఎప్పుడైనా ఆలోచించారా?

1620 నవంబర్. మేఫ్లవర్ 102 మంది ప్రయాణికులతో ఇప్పటి మసాచుసెట్స్ తీరంలో కేప్ కాడ్ దగ్గర లంగరు వేసింది. చలికాలం ముంచుకొస్తోంది. కొందరు మగవాళ్లు తుపాకులు పట్టుకుని ఒడ్డు వెంట వెతుక్కుంటూ వెళ్లారు. ఒకచోట ఇసుక కొత్తగా చేతులతో చదును చేసినట్టు కనిపించింది. తవ్వారు. లోపల ఒక పాత బుట్ట, ఇంకాస్త తవ్వితే ఒక కొత్త బుట్ట. దాని నిండా మొక్కజొన్న. పసుపు కంకులు, ఎర్ర కంకులు, నీలం గింజలు కలిసిన కంకులు. ఆ బుట్టని ఇద్దరు మనుషులు పడితే గాని నేల మీంచి లేవలేదట. ఇవన్నీ వాళ్లే రాసుకున్న మాటలు. అది ఏమిటో మీకు తెలిసిపోయింది కదా? పాతర. చలికాలానికీ, వచ్చే ఏడు విత్తనానికీ ఒక కుటుంబం దాచుకున్న పాతర. వీళ్లు దాన్ని తీసుకున్నారు. యజమానులు కనిపిస్తే బదులు ఇచ్చేస్తామని రాసుకున్నారు. తర్వాతి ఏడు ఇచ్చారు కూడా, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. కానీ ఆ విత్తనమే దొరక్కపోయి ఉంటే తాము ఆకలితో చచ్చి ఉండేవాళ్లమని గవర్నరు విలియం బ్రాడ్‌ఫర్డ్ స్వయంగా రాశాడు. వాళ్ల దగ్గర వేరే మొక్కజొన్న విత్తనం లేదు. మొట్టమొదటి థాంక్స్‌గివింగ్ పంటకి విత్తనం వేరేవాళ్ల పాతరలోది. ఈ ఒక్క ముక్క నా పిల్లల స్కూలు పుస్తకంలో కనపడలేదు. అందుకే ముందు ఇది చెప్పాను.

విత్తనం అయింది. నేల? డిసెంబర్‌లో వాళ్లు ప్లిమత్ చేరారు. అక్కడ అడవి కొట్టే పని చాలావరకు లేదు. పొలాలు ముందే చదును చేసి ఉన్నాయి. ఎందుకంటే అది ఒక ఊరు. దాని పేరు పటక్సెట్. వాంపనోగ్ అనే మూలవాసుల ఊరు. 1616 నుంచి 1619 దాకా ఆ తీరం వెంట ఒక మహమ్మారి వచ్చింది. యూరప్ ఓడల వెంట వచ్చిన జబ్బు. ఊళ్లకి ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి. పటక్సెట్‌లో దీపం పెట్టేవాళ్లు మిగల్లేదు. పాతిపెట్టేవాళ్లు లేక ఎముకలు బయటే పడి ఉండటం వచ్చినవాళ్లు చూశారు.

ఆ ఊరివాడు ఒక్కడు మాత్రం బతికాడు. టిస్క్వాంటమ్. స్క్వాంటో అని మీ పిల్లలు చెప్పే పేరు అతనిదే. ఎలా బతికాడు? ఊళ్లో లేడు కాబట్టి బతికాడు. 1614లో థామస్ హంట్ అనే ఇంగ్లీషు ఓడ కెప్టెన్ అతన్నీ, ఇంకా ఇరవై మందికి పైగా మనుషుల్నీ వ్యాపారం పేరుతో ఓడ ఎక్కించి, ఎత్తుకుపోయి, స్పెయిన్‌లోని మలగాలో బానిసలుగా అమ్మాడు. అక్కడి నుంచి అతను ఎలాగో ఇంగ్లండ్ చేరాడు. 1619లో ఓడ పట్టుకుని సొంత ఊరికి వచ్చాడు. వచ్చేసరికి ఊరు లేదు. తల్లి లేదు, తండ్రి లేదు, పలకరించడానికి ఒక్క మనిషి లేడు. పిల్లల పుస్తకాల్లో 'స్క్వాంటోకి ఇంగ్లీషు వచ్చు, అందుకని యాత్రికులకి సాయం చేశాడు' అని ఉంటుంది. అమ్మా, ఆ ఇంగ్లీషు ఎలా వచ్చింది అని మనం అడగాలా వద్దా? మీరే చెప్పండి.

ఇక మొదటి చలికాలం సంగతి. వచ్చిన 102 మందిలో దాదాపు సగం మంది వసంతం రాకముందే చనిపోయారు. వాళ్లూ కష్టపడ్డారండీ, కాదనను. పసిపిల్లల్ని తెచ్చుకున్నవాళ్లు, ఓడలోనే ప్రసవించిన తల్లులు ఉన్నారు వాళ్లలో. 1621 మార్చిలో వాంపనోగ్ పెద్ద ఊసామెక్విన్ వాళ్లతో ఒప్పందం చేసుకున్నాడు. చరిత్ర పుస్తకాలు అతన్ని మాససాయిట్ అంటాయి. ఎందుకు చేసుకున్నాడు? మంచితనం ఒక్కటే కారణం అనుకుంటే ఆయన బుద్ధిని తక్కువ చేసినట్టే. మహమ్మారిలో ఆయన ప్రజలు కుప్పకూలిపోయారు. పడమటి వైపు నారగాన్‌సెట్ అనే మరో తెగవాళ్లకి ఆ దెబ్బ తగల్లేదు, వాళ్ల బలం వాళ్లకుంది. ఈ కొత్తవాళ్ల దగ్గర తుపాకులున్నాయి. ఒకరి మీద ఎవరైనా దాడికొస్తే రెండోవాళ్లు అండగా రావాలి, అదీ ఒప్పందం. తన ప్రజల్ని కాపాడుకోవడానికి ఒక నాయకుడు ఆలోచించి వేసిన అడుగు అది.

ఇక పంట. దీని గురించి మనకున్న అసలు సాక్ష్యం ఏమిటి? ఒక ఉత్తరం. ఎడ్వర్డ్ విన్స్లో అనే ఆయన 1621 డిసెంబర్ 11న ఇంగ్లండ్‌లోని స్నేహితుడికి రాసిన ఉత్తరం. మరుసటి ఏడాది లండన్‌లో అచ్చయింది. ఆ ఉత్తరం చదువుతుంటే నాకు మా తాతగారు పంటల గురించి మాట్లాడినట్టే ఉంటుంది. ఇరవై ఎకరాల్లో మొక్కజొన్న వేశాం అంటాడు. ఆరెకరాల్లో బార్లీ, బఠానీ. ఇక్కడివాళ్ల పద్ధతిలో నేలకి చేపలు ఎరువుగా వేశాం అంటాడు. వసంతంలో వాగుల్లోకి ఎదురెక్కి వచ్చే చేపలు, గంపలకొద్దీ దొరికేవి. మొక్కజొన్న బాగా పండింది. బార్లీ అంతంతమాత్రం. బఠానీ కోసినా దండగే. ఆలస్యంగా చల్లాం, బాగానే మొలిచింది, పూత కూడా వచ్చింది, పూత మీదే ఎండకి మాడిపోయింది, అంటాడు. చూశారా? ఇంగ్లండ్ నుంచి తెచ్చుకున్న విత్తనం పూత మీద పోయింది. ఇక్కడి విత్తనం, ఇక్కడి ఎరువు, ఇక్కడివాళ్లు నేర్పిన సాగు, అది నిలబెట్టింది.

ఆ వెంటనే వస్తుంది ఆ పేరా. ఒకే ఒక్క పేరా. పంట ఇంటికొచ్చాక గవర్నరు నలుగురిని పక్షుల వేటకి పంపాడు. వాళ్లు ఒక్క రోజులో కొట్టుకొచ్చినవి దాదాపు వారానికి సరిపోయాయి. సరదాలు చేసుకున్నాం, తుపాకులు పేల్చాం. చాలామంది ఇండియన్లు వచ్చారు, వాళ్ల పెద్దరాజు మాససాయిట్ తొంభై మంది మగవాళ్లతో వచ్చాడు, మూడు రోజులు విందు చేశాం. వాళ్లు వెళ్లి ఐదు జింకల్ని వేటాడి తెచ్చి మాకిచ్చారు. అంతే. అయిపోయింది. పిలిచారా, వాళ్లంతట వాళ్లే వచ్చారా? ఉత్తరంలో లేదు. ఏ తేదీ? లేదు. టర్కీ కోడి తిన్నారా? ఉత్తరం 'పక్షులు' అని ఊరుకుంది. ఆ కాలంలో అడవి టర్కీలు బాగా దొరికాయని బ్రాడ్‌ఫర్డ్ వేరేచోట రాశాడు కాబట్టి ఉండి ఉండొచ్చు. బంగాళాదుంప మాత్రం లేదు, అప్పటికి అది ఆ ప్రాంతానికి రాలేదు. గుమ్మడికాయ ఉంది గాని, దాంతో 'పై' అనే తీపి వంటకం చేసుకోవడానికి గోధుమపిండీ వెన్నా ఏవి?

ఇంకో సంగతి. లెక్క చూడండి. వచ్చినవాళ్లు తొంభై మంది. ఉన్న ఇంగ్లీషువాళ్లు యాభై మంది చిల్లర. అంటే ఆ విందులో వలస వచ్చినవాళ్లే తక్కువమంది. బొమ్మల్లో ఎప్పుడైనా అలా చూశారా? మరి ఇంతమందికి వండినదెవరు? ఓడలో వచ్చిన గృహిణుల్లో ఆ చలికాలం దాటి మిగిలింది నలుగురే నలుగురు. వాళ్లకి సాయం ఎదిగిన ఆడపిల్లలు కొందరు. మూడు రోజులు! ఆ నలుగురి గురించి విన్స్లో ఒక్క మాట రాయలేదు. ఇక్కడున్న ఆడవాళ్లకి నేను వేరే చెప్పక్కర్లేదు.

దాన్ని వాళ్లు థాంక్స్‌గివింగ్ అనుకున్నారా అంటే, లేదు. వాళ్ల మతంలో కృతజ్ఞత చెప్పే రోజంటే రోజంతా ప్రార్థన. 1623లో పెద్ద కరువొచ్చి, ఉపవాసం ఉండి ప్రార్థన చేస్తే వాన పడింది. అప్పుడు జరిపారు అలాంటి రోజు. 1621లో జరిగింది కోతల తర్వాత చేసుకునే పల్లెటూరి సంబరం, ఇంగ్లండ్‌లో చేసుకునేదే. మరుసటి ఏడు మళ్లీ అదే వేడుక చేశారా? ఏటా చేశారా? లేదు. అది అక్కడితో సరి.

అయితే ఆ స్నేహం ఎన్నాళ్లు నిలిచింది? ఊసామెక్విన్ బతికున్నన్నాళ్లు ఆ ఒప్పందం నిలిచింది. ఆయన పోయాక, ఆయన కొడుకు మెటకామ్ కాలానికి, భూములు చేజారిపోతుంటే, 1675లో యుద్ధం వచ్చింది. 1676 ఆగస్టులో మెటకామ్‌ని చంపారు. తల నరికి ప్లిమత్‌లో స్తంభానికి గుచ్చారు. ఏళ్ల తరబడి అది అక్కడే ఉంది. అతని తొమ్మిదేళ్ల కొడుకుని బానిసగా అమ్మేశారు. ఆ ఏడాదే, ఆ విజయాలకి, వలసల్లో కృతజ్ఞతా దినాలు జరిపారు. విందు తర్వాత 55 ఏళ్లకి. విందులో పక్కన కూర్చున్న మనిషి కొడుకు. ఇది చెప్పడం నాకు కష్టంగానే ఉంది. కానీ చెప్పకుండా ముందుకెళ్లలేను.

తర్వాతి నూటయాభై ఏళ్లు ఆ మూడు రోజుల విందు ఎవరికీ గుర్తులేదు. న్యూ ఇంగ్లండ్‌లో, అంటే ఆ ఈశాన్య ప్రాంతంలో, ప్రతి శరదృతువులో గవర్నర్లు కృతజ్ఞతా దినం ప్రకటించడం మాత్రం ఆనవాయితీ అయింది. పొద్దున చర్చి, మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ కలిసి భోజనం. జార్జ్ వాషింగ్టన్ 1789లో ఒకసారి దేశమంతటికీ ప్రకటించాడు, నవంబర్ 26 గురువారం. జెఫర్సన్ మాత్రం ప్రభుత్వానికి ప్రార్థనలతో పనేమిటని ప్రకటించనే లేదు. తర్వాత 1841లో బోస్టన్‌లో అలెగ్జాండర్ యంగ్ అనే పాస్టరు యాత్రికుల పాత రాతలన్నీ కలిపి అచ్చువేస్తూ, విన్స్లో పేరా కింద ఒక ఫుట్‌నోట్ పెట్టాడు. ఇదే మొట్టమొదటి థాంక్స్‌గివింగ్ అని. ఆ పేరు ఆ విందుకి అంటుకుంది అక్కడే. జరిగిన 220 ఏళ్లకి, ఒక ఫుట్‌నోట్‌లో!

మరి పండుగ చేసిందెవరు? నా దృష్టిలో ఒక ఆడమనిషి. సారా జోసెఫా హేల్. ఈ పేరు ఎంతమంది విన్నారు? ఒక్కరా, ఇద్దరా? 'మేరీ హ్యాడ్ ఎ లిటిల్ లాంబ్' ఎంతమందికి తెలుసు? ఆ, అందరూ చేతులెత్తారు. అది రాసింది ఈవిడే. 1788లో న్యూ హాంప్‌షైర్‌లో న్యూపోర్ట్ అనే చిన్న ఊళ్లో పుట్టింది. ఆడపిల్లలకి కాలేజీలు లేని రోజులు, అన్నగారి పుస్తకాలు చదువుకుంది. 1822లో భర్త చనిపోయాడు. ఐదుగురు పిల్లలు, ఐదోది ఇంకా కడుపులోనే. ఆ రోజు నుంచి చనిపోయేదాకా నల్లబట్టలే కట్టింది. కలం పట్టుకుని బతికింది, పిల్లల్ని పెంచింది. 1837 నుంచి నలభై ఏళ్లు గోడీస్ లేడీస్ బుక్ అనే ఆడవాళ్ల పత్రికకి సంపాదకురాలు. ఆ రోజుల్లో దేశంలో అంతగా చదివే నెలపత్రిక మరోటి లేదనే చెప్పాలి.

ఆవిడ పట్టుదల చూడండి. 1840ల నుంచి ఏటా పత్రికలో రాసేది. దేశమంతా ఒకే రోజున, నవంబర్ చివరి గురువారం, థాంక్స్‌గివింగ్ జరగాలి. అప్పటికి ఒక్కో రాష్ట్రానిది ఒక్కో తేదీ, కొన్నింటికి అసలు పండుగే లేదు. గవర్నర్లకి ఉత్తరాలు. ప్రెసిడెంట్లకి ఉత్తరాలు. టైపురైటర్ లేదు, అన్నీ చేత్తో రాసినవే. ఒక ప్రెసిడెంటు కాదంటే తర్వాతి ప్రెసిడెంటుకి. పక్కనే పత్రికలో వంటలు: టర్కీ ఎలా కాల్చాలి, గుమ్మడి పై ఎలా చేయాలి. ఇవాళ మన పక్కింటివాళ్ల బల్లమీద కనపడే భోజనం 1621 నాటిది కాదండీ, పందొమ్మిదో శతాబ్దపు న్యూ ఇంగ్లండ్ వంటిల్లు అది. దాన్ని దేశమంతా పంచిపెట్టింది ఇలాంటి పత్రికలే.

ఎందుకింత తపన? దేశం చీలిపోతోందని ఆవిడకి కనపడుతోంది. బానిసత్వం విషయంలో ఉత్తరాది, దక్షిణాది కొట్టుకుంటున్నాయి. ఏడాదికి ఒక్క రోజైనా అందరూ ఒకే వేళకి ఒకే పండుగకి కూర్చుంటే కలిసుంటారేమోనని ఆవిడ ఆశ. దక్షిణాదిలో చాలామందికి ఇది నచ్చలేదు. థాంక్స్‌గివింగ్ రోజున ఉత్తరాది చర్చిల్లో బానిసత్వానికి వ్యతిరేకంగా ప్రసంగాలు జరిగేవి మరి. వర్జీనియా గవర్నరు హెన్రీ వైజ్ అయితే ఆవిడ ఉత్తరానికి మొహం మీద కొట్టినట్టే జవాబు ఇచ్చాడు. ఆవిడ కోరుకున్నట్టు పండుగ ఉత్తరాది, దక్షిణాది మధ్య అంతర్యుద్ధాన్ని ఆపలేకపోయింది. ఆ యుద్ధమే పండుగని తెచ్చింది.

1863 సెప్టెంబర్ 28న లింకన్‌కి ఉత్తరం రాసింది. అప్పటికి ఆవిడకి 74 ఏళ్లు. వారం తిరక్కుండా, అక్టోబర్ 3న ప్రకటన వచ్చింది. రాసింది విదేశాంగ మంత్రి విలియం సీవార్డ్, సంతకం లింకన్‌ది. ఆ ప్రకటన మీరందరూ ఒకసారి చదవాలి. పంటలు పండాయని ఉంటుంది, గనులు, నాగళ్లు, ఓడలు ఆగలేదని ఉంటుంది. ఈ యుద్ధంలో భర్తల్ని పోగొట్టుకున్నవాళ్లని, తల్లిదండ్రులు లేని పిల్లల్ని తలుచుకోండి, దేశానికి తగిలిన గాయాలు మానాలని ప్రార్థించండి అని ఉంటుంది. యాత్రికుల మాట ఉందా? ఒక్క ముక్క లేదు. మేఫ్లవర్ లేదు, ప్లిమత్ లేదు, 1621 లేదు. ఆ ఏడు నవంబర్ 26న పండుగ. గెటీస్‌బర్గ్‌లో, యుద్ధంలో పోయిన సైనికుల శ్మశానంలో లింకన్ ప్రసంగించి సరిగ్గా వారం. ముందురోజే టెనెసీలో మిషనరీ రిడ్జ్ మీద సైనికులు కుప్పలుగా పడిపోయారు. ఆ రోజు ఎన్ని ఇళ్లల్లో బల్ల దగ్గర ఒక కుర్చీ ఖాళీగా ఉండి ఉంటుందో! ఈ పండుగ అసలు పుట్టుక నాకు అక్కడ కనపడుతుంది.

యాత్రికుల కథ దీనికి గట్టిగా అతుక్కున్నది ఆ తర్వాతే. పందొమ్మిదో శతాబ్దం చివర, యూరప్ నుంచి లక్షల మంది వలస వస్తుంటే, వాళ్ల పిల్లలకి అమెరికా కథ ఒకటి చెప్పాలని స్కూళ్లు దీన్ని పట్టుకున్నాయి. 1914లో జెన్నీ బ్రౌన్స్‌కోంబ్ అనే చిత్రకారిణి గీసిన బొమ్మ చూడండి. ఇంగ్లీషువాళ్లు బల్ల దగ్గర, వాంపనోగ్‌లు ఒక పక్కన నేల మీద. తలల మీద ఎక్కడో మైదానాల్లోని తెగలు పెట్టుకునే ఈకల కిరీటాలు. మన పిల్లలు కత్తిరించే కాగితం ఈకలు ఆ కోవలోవే. వాంపనోగ్‌లు అలాంటి కిరీటాలు పెట్టుకోరు.

తేదీ గొడవ ఒకటుంది, త్వరగా చెప్పేస్తాను. 1939లో నవంబర్‌లో ఐదు గురువారాలు వచ్చాయి. క్రిస్మస్ కొనుగోళ్లకి రోజులు తగ్గిపోతున్నాయని వ్యాపారులు అడిగితే, అప్పటి ప్రెసిడెంటు రూజ్‌వెల్ట్ పండుగని ఒక వారం ముందుకి జరిపాడు. సగం రాష్ట్రాలు ఒప్పుకున్నాయి, సగం ఒప్పుకోలేదు, రెండేళ్లు ఇదే గందరగోళం. చివరికి 1941 డిసెంబర్ 26న నాలుగో గురువారం అని చట్టం వచ్చింది. ఇవాళ్టికీ అదే.

1970. మేఫ్లవర్ వచ్చి 350 ఏళ్లు. మసాచుసెట్స్‌లో విందు ఏర్పాటు చేసి, వాంపనోగ్ పెద్ద వామ్సుటా ఫ్రాంక్ జేమ్స్‌ని మాట్లాడమన్నారు. ప్రసంగ పాఠం ముందే చూపించమన్నారు. అందులో తవ్వుకున్న పాతరలు ఉన్నాయి, మహమ్మారి ఉంది, పోయిన భూములు ఉన్నాయి. ఇది చదవడానికి వీల్లేదు, వేరేది రాసిస్తాం అన్నారు. ఆయన రానన్నాడు. ఆ థాంక్స్‌గివింగ్ రోజున ప్లిమత్‌లో కోల్స్ హిల్ మీద, మాససాయిట్ విగ్రహం దగ్గర, జాతీయ సంతాప దినం జరిపారు. అప్పటి నుంచి ఏటా అక్కడ జరుగుతోంది. ఆ కోల్స్ హిల్ ఏమిటో తెలుసా? మొదటి చలికాలంలో చనిపోయిన యాత్రికుల్ని పాతిపెట్టిన గుట్ట అది.

మన ఇళ్లల్లో పండుగ మానేయాలా అని ఇందాక టీ దగ్గర ఒకమ్మాయి అడిగింది. మానేయమని నేను అనను. నేనూ మా మనవలతో కూర్చుంటాను ఆ రోజు. కానీ వాళ్లకి పాతర సంగతి చెబుతాను, పటక్సెట్ చెబుతాను, సారా హేల్ గురించి చెబుతాను. కాగితం ఈకలు వద్దని స్కూలుకి ఒక చీటీ కూడా రాశాను. టీచరు మంచిగానే తీసుకుంది. మీరూ రాయొచ్చు.

ఇంకొకటి. వాంపనోగ్‌లు ఎప్పటివాళ్లో అనుకోకండి, ఇప్పుడూ ఉన్నారు. మాష్‌పీలో ఉన్నారు, మార్తాస్ వైన్‌యార్డ్ దీవిలో అక్విన్నాలో ఉన్నారు. వాళ్ల పంట పండుగలు వాళ్లకున్నాయి. జూన్‌లో స్ట్రాబెరీలు పండినప్పుడు ఒకటి. అక్టోబర్‌లో రెండో మంగళవారం అక్విన్నాలో క్రాన్‌బెరీ డే. ఆ రోజు వాళ్ల పిల్లలు బడికి వెళ్లక్కర్లేదు. పెద్దలతో కలిసి ఇసుక దిబ్బల మధ్య చిత్తడి నేలల్లోకి వెళ్లి అడవి క్రాన్‌బెరీలు కోస్తారు, అక్కడే భోంచేస్తారు. దీనికి ఏ ప్రెసిడెంటు ప్రకటనా అక్కర్లేకపోయింది.

నేను చెప్పదలుచుకున్నది ఇంతే. ఇప్పుడు ప్రశ్నలు. ముందు ఆ చివర కూర్చున్న బాబు, ఇందాకటి నుంచి చెయ్యెత్తి ఉన్నాడు. అడుగు నాన్నా.